తొమ్మిదో నంబరు గడప

లుసీలియా ఆ తలుపు తీసేటప్పుడు తాళం తిప్పి, కుడి భుజంతో ఒక్క తోపు తోస్తుంది. ఇల్లు టూరిస్టులకి అద్దెకిచ్చే కంపెనీవాళ్ళు తాళం మార్చారు, రంగు మార్చారు, పైన తొమ్మిదో నంబరు ఇత్తడి పలక కూడా కొత్తది బిగించారు. చెక్క మాత్రం పాతదే. వానలకి ఉబ్బిన ఆ చెక్క ఎండలొచ్చినా దిగదు. కొత్తగా దిగిన అతిథులు దానితో కుస్తీ పట్టి, చెమటలు కక్కి, తాళం చెడిపోయిందని ఫోను చేస్తారు. లుసీలియా వచ్చి ఒక్క తోపు తోసి, "బాగానే ఉందండీ" అని వెళ్ళిపోతుంది.

ఆ పొద్దున్న కూడా బరైరో నుంచి లాంచీలో తేజో నది దాటి, లిస్బన్ రేవులో దిగి, కొండెక్కి రొల్దానా సందుకి వచ్చింది. దుప్పట్లు ఊడదీసి మూట కట్టింది. స్నానాల గదిలో తువ్వాళ్ళు హంసల్లా మడిచింది. హంసలు ఎందుకో ఆమెకి ఇప్పటికీ అంతుబట్టలేదు, తుడుచుకునే గుడ్డకి మెడ ఎందుకు? మేనేజరు మడవమన్నాడు, మడుస్తోంది. దిండుకి గలేబు తొడుగుతుండగా గుమ్మంలో ఎవరో దగ్గారు.

అరవై దాటిన మనిషి, పొడుగ్గా, వీపున సంచీతో నిలబడి ఉంది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఎండకి అప్పుడే కందిన ముక్కు.

"నమస్కారము. నా నామధేయము బోదిల్. డెన్మార్కు దేశము నుండి వచ్చితిని. నిర్ణీత సమయమునకు ముందే వచ్చినందులకు క్షమింపుడు."

లుసీలియా చేతిలో దిండు జారి కింద పడింది. ఈ ఇంట్లో దిగినవాళ్ళలో పోర్చుగీసు మాట్లాడిన వాళ్ళే లేరు. మాట్లాడిందే అనుకో, ఇలా బిషప్పుగారు పీఠమెక్కినట్టు మాట్లాడాలా? ఈవిడ ఆర్హుస్ ఊళ్ళో సిటీ బస్సు నడిపేదట. రిటైరయ్యాక రాత్రిబడిలో చేరి, చలికాలమంతా పుస్తకం ముందేసుకుని భాష నేర్చుకుందట. పుస్తకం చాలా పాతదై ఉంటుంది.

"కూచోండి. ఇప్పుడే అయిపోతుంది" అంది లుసీలియా, నవ్వు బుగ్గల్లో దాచుకుంటూ.

బోదిల్ కూర్చోలేదు. సోఫా పైన గోడ మీద కంపెనీవాళ్ళు పెద్దక్షరాలతో రాయించిన మాటలు చూపించింది. 'ఇక్కడివాళ్ళలా బతకండి' అని ఇంగ్లీషులో ఉంది. "ఈ వ్రాత చూచియే ఈ గృహమును ఎంచుకొంటిని. కోటలు, చర్చీలు నాకు వలదు. ఇచ్చటివారు ఉదయమున లేచి మొదట ఏమి చేయుదురు? రొట్టె ఎచ్చట కొందురు? సాయంకాలము ఎవరితో పోట్లాడుదురు?"

చివరి ప్రశ్నకి లుసీలియా ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "పోట్లాటకేం కొదవండీ! పక్కింట్లో ఎర్మీనియా అత్త ఉంది. పొద్దున్నే మొదలెడుతుంది. మీరు వెతుక్కోనక్కర్లేదు."

"ఇంతకు పూర్వము ఈ ఇంట ఎవరు నివసించిరి?"

అతిథికి మనసు కష్టపెట్టే మాట ఏదీ చెప్పొద్దని మేనేజరు మొదటిరోజే చెప్పాడు. లుసీలియా వంగి దిండు తీసుకుంది. దానికంటిన దుమ్ము రెండుసార్లు దులిపింది.

"ఎవరో ముసలావిడ" అంది.

పునీత అంతోని పండుగ ఇంకా రెండు రోజులుందనగా సందు పెద్ద వల్దెమార్ మామ సుద్దముక్కతో సందులోకి దిగాడు. మోకాళ్ళు పట్టేసినా, డాక్టరు తిట్టినా, ఏటా గడపల హద్దు గీతలు తనే వంగి గీస్తాడు. ఏ ఇంటి గోడ ఎంత పొడుగో ఆ ఇంటిముందు అంత జాగా ఆ ఇంటిది. పండుగనాడు అక్కడ కుంపటి రాజేసుకోవచ్చు, బల్ల వేసుకోవచ్చు, సార్డీను చేపలు కాల్చి వచ్చేపోయేవాళ్ళకి పెట్టుకోవచ్చు. వరసగా రెండు పండుగలు నిప్పు పడని గడప పక్కింటికి పోతుంది. ఇది ఎక్కడా రాసి లేదు కానీ, సందులో పుట్టిన పిల్లలకి ప్రార్థన కంటే ముందు ఇదే వస్తుంది.

పోయినేడు తొమ్మిదో నంబరు ముందు నిప్పు పడలేదు. ఆ రోజు లుసీలియా నదికి అవతల చెల్లెలింట్లో కిటికీలు మూసుకుని కూర్చుంది.

ఈసారి చీపురు గోడకి ఆనించి, చేతులు ఆప్రానుకి తుడుచుకుని, గడప దిగి వచ్చింది. "మామా, తొమ్మిదిలో నేను కుంపటి పెడుతున్నా. నా పేరు వెయ్యి."

వల్దెమార్ తల ఎత్తలేదు. "ఏ తొమ్మిది?"

"ఇదిగో, నేను నించున్నది!"

"నించుంటే సరిపోద్దా అమ్మాయీ? రాత్రి ఎవరు పడుకుంటే వాళ్ళదే గడప. నీకు నేను కొత్తగా చెప్పాలా?"

"నేను పుట్టింది ఆ గదిలోనే. పరిగెత్తుకెళ్ళి మంత్రసానిని పిలుచుకొచ్చింది నువ్వే కదా!"

"పిలుచుకొచ్చా. కాదన్నానా? పుట్టావు, పెరిగావు, ఈ ఇంట్లోంచే పెళ్ళికూతురివై చర్చికెళ్ళావు. అన్నీ నా కళ్ళముందే. ఇప్పుడు పడుకునేది ఎక్కడ?"

పక్కనే పదకొండో నంబరు గుమ్మంలోంచి ఎర్మీనియా అత్త అందుకుంది. ఆవిడ కుచ్చిళ్ళ ఆప్రాను కట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని, అప్పటికే యుద్ధానికి సిద్ధంగా ఉంది.

"బరైరోలో పడుకుంటోంది, వాళ్ళ చెల్లెలి కొంపలో! ఇంకెందుకు మామా సాగదీస్తావు? మధ్య గీత తీసేసి ఇటు కలిపెయ్. మా అల్లుడు ఈసారి బీరు పీపాలు తెస్తున్నాడు. ఎక్కడ పెట్టుకోను, నా నెత్తినా?"

"పెట్టుకో అత్తా, అక్కడ బోలెడంత ఖాళీ" అంది లుసీలియా.

"చూశావా మామా దాని నోరు! ఇల్లు పోయినా నోరు మాత్రం పోలేదు."

ఆ మాట సూటిగా తగిలింది. లుసీలియా మొహం ఎర్రబడింది. వల్దెమార్ ఇబ్బందిగా సుద్దముక్కని వేళ్ళ మధ్య నలుపుతూ ఉండిపోయాడు. అంతలో తొమ్మిదో నంబరు కిటికీ రెక్క తెరుచుకుంది. బోదిల్ సగం ఒళ్ళు బయటికి వంచి, ఆసక్తి ఆపుకోలేని చిన్నపిల్లలా కిందికి చూసింది.

"క్షమింపుడు. ఈ రేఖలు దేనికొరకు?"

ఆ భాషకి సందంతా ఒక్క క్షణం గుడ్లప్పగించింది. ముందుగా తేరుకుంది ఎర్మీనియా. "పండక్కమ్మా, పండక్కి! ఎవరి గడప వాళ్ళది. రాత్రి ఎవరు పడుకుంటే వాళ్ళది."

బోదిల్ ఆలోచించింది. "నిన్న రాత్రి ఇచ్చట నేను నిద్రించితిని."

ఎదురింటి మెట్ల మీద కూర్చున్నవాళ్ళు ఘొల్లుమన్నారు. ఎర్మీనియా కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. వల్దెమార్ మాత్రం నవ్వలేదు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, మూలుగుతూ లేచి, కిటికీ వైపు చూశాడు.

"నవ్వకండే. ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది? తల్లీ, పండగ రాత్రి ఉంటావా?"

"ఉందును. ఆదివారము వరకు."

"అయితే ఈ గడప నీదే." మళ్ళీ వంగి తొమ్మిదో నంబరు ముందు గీత గీసేశాడు.

"పిచ్చెక్కిందా మామా నీకు?" ఎర్మీనియా గొంతు లేచింది. "టూరిస్టుకి గడపేంటి? దానికి అగ్గిపుల్ల గీయడం వచ్చో రాదో!"

"రాకపోతే నిప్పు పడదు. పడకపోతే నీకే వస్తుంది. రెండ్రోజులు ఓపిక పట్టు."

లుసీలియా చీపురు తీసుకుని లోపలికి వెళ్ళి, ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చింది. ఒళ్ళు మండిపోతోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి లేని గడప, మొన్న దిగిన మనిషికి వచ్చింది! ఆవిడ మీద కోపమా అంటే, ఆవిడ చేసిన పాపమేమిటి? మామ మీద కోపమా అంటే, మామ చెప్పిన మాట లుసీలియా కూడా చిన్నప్పటినుంచీ చెప్పిందే. కోపానికి చోటు దొరక్క చీపురు మీద చూపించింది.

బోదిల్ వంటగది గుమ్మంలో నిలబడింది. "గడప నాకు వచ్చెను. కాని ఏమి చేయవలెనో తెలియదు. నాకు నేర్పుదురా?"

"నాకు లాంచీకి టైమైంది" అని వెళ్ళిపోయింది లుసీలియా.

లాంచీలో కిటికీ పక్కన కూర్చుని వెనక్కి పోతున్న ఊరిని చూస్తూ లెక్క వేసుకుంది. తను కుంపటి పెట్టే దారి లేదు. ఆ డెన్మార్కావిడ పెట్టకపోతే పండుగ తెల్లారేసరికి గడప ఎర్మీనియాది. ఆవిడ పెడితే? ఎవరి చెయ్యి అయితేనేం, తొమ్మిదో నంబరు ముందు నిప్పంటూ పడుతుంది. గడప తొమ్మిదిదిగానే ఉంటుంది. ఇల్లు ఎటూ దక్కలేదు. కనీసం వాకిలైనా పక్కింట్లో కలవకుండా మిగులుతుంది. ఎంత చిన్న కోరికో అనుకుంది. అయినా దాన్ని వదులుకోవడం ఆమె వల్ల కాలేదు.

మర్నాడు లాంచీ ఎక్కేటప్పుడు ఆమె చంకలో గోనెసంచీలో చుట్టిన కుంపటి ఉంది. పాత నూనె డ్రమ్ముని సగానికి కోసి, కాళ్ళు అతికించి ఆమె మొగుడు చేసిన కుంపటి అది. రోజూ కలిసే ప్రయాణికులు ఊరుకుంటారా? "ఏం లుసీలియా, ఆఫీసుకి పొయ్యి తెచ్చుకోమన్నారా?" అన్నారు. "ఆ, మేనేజర్ని కాలుద్దామని" అంది.

ఆ రోజు పని తొందరగా ముగించి బోదిల్‌ని చేపల కొట్టుకి తీసుకుపోయింది. "కళ్ళు చూడండి. మెరుస్తుంటే మంచిది. పొట్ట నొక్కితే గట్టిగా ఉండాలి." బోదిల్ ప్రతి చేపనీ వంగి కళ్ళలోకి చూసింది. కొట్టువాడు ఆ చేపలకి పెళ్ళిచూపులా అని అడిగాడు. ఇంటికొచ్చాక బోదిల్ చాకు తీసి మొదటి సార్డీను పొట్ట కోయబోయింది. లుసీలియా ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"అయ్యయ్యో! కొయ్యకూడదు! పొలుసు కూడా తియ్యకూడదు. అట్లాగే, నిండుగా."

"పేగులతో సహా?"

"పేగులతో సహా. కాలిన తరవాత తోలుతో పాటు అవే వచ్చేస్తాయి. కోస్తే నూనంతా బొగ్గుల్లోకి కారి మంటలు లేస్తాయి. చేప ఎండిపోతుంది."

రాళ్ళుప్పు గుప్పిట్లోకి తీసుకుని, మోచెయ్యి పైకెత్తి, వాన చినుకుల్లా చల్లడం చూపించింది. అడుగున ఎండిన పైన్ కాయలు పేర్చి, పైన బొగ్గులు పెట్టి, అట్టముక్కతో విసరడం చూపించింది. మంట ఉన్నంతసేపూ చేప పెట్టకూడదు. బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కట్టాలి. బోదిల్ చేతులు స్థిమితంగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టిన చేతులవి, తొందరపడవు. అడిగే ప్రశ్నలు మాత్రం ఆగలేదు. ఒక వైపు కాలిందని ఎట్లా తెలుసుకోవాలి? విసరడం ఎప్పుడు ఆపాలి? పొగ పక్కింట్లోకి పోతే ఏమనాలి?

"ఏమీ అనకూడదు. పక్కింటివాళ్ళ పొగ మనింట్లోకి వచ్చినప్పుడు మాత్రం బాగా తిట్టాలి" అంది లుసీలియా. బోదిల్ ఆ మాట పెదాలతో ఒకసారి వల్లె వేసుకుంది.

కిటికీలో పండుగ కోసం కొన్న మంజెరీకు అనే తులసి మొక్క కుండీ ఉంది. బంతిలా గుండ్రంగా, సన్నటి ఆకులతో ముచ్చటగా ఉంటుంది. బోదిల్ వంగి ముక్కు ఆనించబోతే లుసీలియా భుజం పట్టి వెనక్కి లాగింది. "ముక్కు పెడితే వాడిపోద్ది! అరచెయ్యి ఆడించి, ఆ చెయ్యి వాసన చూసుకో." చెప్పాక గానీ గుర్తు రాలేదు, 'అండీ' పోయి 'నువ్వు' వచ్చేసిందని. బోదిల్ గమనించినట్టు లేదు. అరచెయ్యి మొహానికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే ఎర్మీనియా బకెట్టుతో గడప ముందునుంచి వెళ్తూ ఆగింది. "నేర్పు, బాగా నేర్పు! నీ ఇంట్లో నువ్వే పనిమనిషివి, పైగా దొరసానికి వంట పాఠాలు. సిగ్గు లేకపోతే సరి."

బోదిల్ కళ్ళు తెరిచింది. "ఆమె 'నీ ఇల్లు' అనెను."

"ఆవిడకి మతి లేదు."

"కాదు. అనెను. నాకు అర్థమైనది."

లుసీలియా అట్టముక్క కింద పెట్టింది. ఇంక దాచి లాభం లేదు. "నేనే. ఎవరో ముసలావిడ అన్నానే, ఆవిణ్ణి నేనే. నీ మంచం ఉన్నచోట మా అమ్మ మంచం ఉండేది. అద్దె గడువైపోయింది. మళ్ళీ రాసిచ్చేది లేదన్నారు. అంతే."

బోదిల్ లోపలికి వెళ్ళింది. కాసేపటికి జిప్పు లాగిన చప్పుడు వినిపించి లుసీలియా వెళ్ళి చూస్తే, మంచం మీద సంచీ, అందులో కుక్కుతున్న బట్టలు.

"ఏం చేస్తున్నావ్?"

"హోటలునకు పోవుదును. మీ శయ్యపై నన్ను మీరు అబద్ధములో నిద్రింపజేసితిరి." ఆవిడ ఇంకో చొక్కా సంచీలో కుక్కింది. "నేను ఇచ్చటివారి వలె బ్రతుకుటకు వచ్చితిని. ఇచ్చటివారి చోట బ్రతుకుటకు కాదు."

లుసీలియాకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సంచీలోంచి రెండు చొక్కాలు పీకి మంచం మీద విసిరింది. "నువ్వు పోతే నాకు ఇల్లు తిరిగొచ్చేస్తుందా? ఇల్లు ఖాళీ అవుతుంది, అంతే. ఖాళీ కొంపకి గడపే లేదు. ఆ పీపాలు వచ్చి ఇక్కడ కూచుంటాయి. నీ మంచితనంతో నా వాకిలి కూడా పోగొట్టకు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

బోదిల్ చొక్కాల వైపు, ఆమె వైపు చూసి, మంచం అంచున కూర్చుంది. "అయితే మీరును ఇచ్చటనే నిద్రింపుడు. రాత్రి నిద్రించినవారిదే గదా గడప. అప్పుడది మీది."

లుసీలియా తను విసిరిన చొక్కా తీసి మడత పెట్టింది. ఇంత తేలికైన సంగతి తనకెందుకు తట్టలేదు? వెంటనే భయం వేసింది. పనివాళ్ళు ఇంట్లో రాత్రి ఉండకూడదు. కంపెనీకి తెలిస్తే తెల్లారేసరికి తాళాలు ఇంకొకరి చేతిలో ఉంటాయి.

"ఎవరు చెప్పుదురు?" అంది బోదిల్.

ఇద్దరూ ఒకేసారి పదకొండో నంబరు గోడవైపు చూశారు.

అయినా లుసీలియా చెల్లెలికి ఫోను చేసింది. మంచం మీద పడుకోమంటే ససేమిరా అంది. అద్దె కట్టింది నువ్వు, సోఫా చాలు నాకు అంది. బోదిల్ ఆమెకి దుప్పటి తెచ్చింది, దిండు తెచ్చింది. తర్వాత రెండు చేతులతో జాగ్రత్తగా హంస తువ్వాలు తెచ్చి ఇచ్చింది. పొద్దున్న తను మడిచిన హంసని అందుకుని, ఏమనాలో తెలియక, "థాంక్సండీ" అంది లుసీలియా.

పండుగ పొద్దున్న సందు ఇంకా పూర్తిగా లేవకముందే లుసీలియా దుప్పటి మడతపెట్టేసి గడప మీదికి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, కావాలనే. చేతిలో కాఫీ కప్పు. నిద్రలేచిన మొహం అందరికీ కనబడాలి కదా. కాగితం తోరణాలు కడుతున్నవాళ్ళు ఆమెని చూసి నిచ్చెన మీదే ఆగిపోయారు. ఎర్మీనియా తలుపు తీసి, చూసి, మళ్ళీ చూసి, ఒక్క కేక పెట్టింది. "మామా! ఓ మామా! ఇటు రా ఒకసారి!"

వల్దెమార్ పైజామా మీదే వచ్చాడు. విషయం విన్నాడు. గడ్డం గోక్కున్నాడు. మొహంలో సంతోషం దాచుకోలేకపోయాడు కానీ, న్యాయం చెప్పేటప్పుడు గొంతు సవరించుకోవాలి కాబట్టి సవరించుకున్నాడు. "రాత్రి ఇక్కడే పడుకున్నావా?"

"పడుకున్నా మామా."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

లోపలినుంచి బోదిల్ వచ్చింది. ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, ఏదో సభకి వచ్చినట్టు నిలబడింది. లుసీలియా భుజం మీద చెయ్యి వేసి, తనకి తెలిసిన మాటల్లో అన్నిటికంటే గౌరవమైనది వెతికి తీసి, గర్వంగా చెప్పింది.

"ఈమె నా అతిథి."

ఎర్మీనియా చప్పట్లు కొట్టింది. "విన్నావుగా! అతిథి! అతిథికి గడపుంటుందా ఎక్కడైనా?"

వల్దెమార్ కళ్ళు వాలిపోయాయి. "ఉండదే అమ్మాయీ. పక్క పరిచినవాళ్ళదే గడప. ఆ మాట కాక ఇంకేదన్నా అని ఉంటే బాగుండేది" అని బోదిల్ వైపు చూశాడు. ఆవిడ ఏదో పొరపాటు జరిగిందని గ్రహించి, ఏమిటో తెలియక, ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. లుసీలియాకి ఆవిణ్ణి చూస్తే కోపం రాలేదు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"పోనీలే మామా. పక్క నిజంగా ఆవిడే పరిచింది" అంది.

"దొరసాని గడప కాబట్టి దొరసానే కాల్చాలి" అంది ఎర్మీనియా. "నువ్వు వేలు పెట్టావంటే నేను ఒప్పుకోను. చెప్తున్నా."

ఎండ గోడల పైకి ఎక్కేసరికి సందంతా పొగ కమ్ముకుంది. ప్రతి గడప ముందూ కుంపటి, బల్ల, మాటలు, పాటలు. తొమ్మిదో నంబరు ముందు బోదిల్ అట్టముక్కతో విసురుతోంది. లుసీలియా కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకోమంటే అవి ఉండడం లేదు. మొదటి వరస సార్డీన్లు ఊచలకి అంటుకుపోయి, తిప్పబోతే తోలు ఊడి బొగ్గుల్లో పడింది. మంట లేచింది. ఎర్మీనియా గుమ్మంలోంచి, "నీళ్ళు చల్లమను!" అని అరిచి, అరిచినందుకు తనే నాలుక కరుచుకుంది. బోదిల్ నీళ్ళు చల్లింది. రెండో వరసకి ఊచలు బాగా కాగేదాకా ఆగి, అప్పుడు పెట్టింది. అవి తోలు చెదరకుండా తిరిగాయి. ఎదురింటి మెట్లమీదనుంచి ఎవరో ఈల వేశారు. తొమ్మిదో నంబరు ముందు నిప్పు పడింది.

ఎవరో ఫ్రెంచి జంట వచ్చి చేపలు తిని, మెచ్చుకుని, మసి మొహంతో ఉన్న బోదిల్ పక్కన నిలబడి ఫోటో దిగారు. ఇక్కడి మనిషితో ఫోటో దొరికిందని ఎంత మురిసిపోయారో! ఆ జంటలో పిల్ల లుసీలియా వైపు తిరిగి, వచ్చీరాని పోర్చుగీసులో, "మీరు ఏ ఊరినుంచి వచ్చారు?" అని అడిగింది.

లుసీలియా ఒక్క క్షణం ఆలోచించింది. "నదికి అవతలనుంచి" అంది.

బోదిల్ పళ్ళెంలో రొట్టెముక్క మీద వేడి సార్డీను పెట్టి, నూనె రొట్టెలోకి ఇంకుతుండగా తెచ్చి ఆమె చేతికిచ్చింది. లుసీలియా ఇన్నేళ్ళూ కుంపటి వెనకే నిలబడింది. పొగకి కళ్ళు నులుముకుంటూ, చల్లారిన చేపలు ఆఖర్న నిలబడే తినేది. కూర్చుని వేడిది తినడం ఇదే మొదటిసారి. ఎదురింటి కిటికీకి నీలం చట్రం ఉందని, తోరణాలు గాలికి ఒకే వైపు ఊగుతాయని, వల్దెమార్ మామ పాడేటప్పుడు ఎడంచేత్తో తాళం వేస్తాడని ఇవాళే చూసింది. బాగుంది. చాలా బాగుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఇది ఇంత బాగుంటుందన్నమాట, అనుకుంది.

పక్కన కుర్చీ లాగిన చప్పుడైంది. ఎర్మీనియా చేతులు ఆప్రానుకి తుడుచుకుంటూ వచ్చి కూలబడింది. గుమ్మం ముందు అల్లుడు పీపాల దగ్గర ఇరుక్కుని తంటాలు పడుతున్నాడు.

"తిట్టడానికొచ్చావా అత్తా?"

"ఓపిక లేదే." ఆవిడ లుసీలియా పళ్ళెంలోంచి ఒక కాల్చిన మిరపకాయ తీసుకుని తొడిమదాకా తినేసింది. "ఈ ఏడు పెద్దగా చేద్దామనుకున్నా. అల్లుణ్ణి, పిల్లల్ని, పీపాల్ని, అందర్నీ పెట్టి. రెండిళ్ళ పొడుగునా."

"వచ్చే ఏడు చేద్దువుగాని. ఈ దొరసాని రాకపోతే గడప నీకే వదిలేస్తా, పో."

ఎప్పుడూ మాటకి మాట ఉండే ఎర్మీనియా మిరపకాయ తొడిమని వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది. లుసీలియా నమలడం ఆపేసింది.

"అత్తా?"

"నవంబరుకల్లా ఖాళీ చెయ్యమన్నారే." గొంతు తగ్గించింది. "మామకి చెప్పకు. ఇవాళ చెప్పకు, పాపం పాడుకుంటున్నాడు."

లుసీలియా పళ్ళెం కింద పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఉప్పుతో గరుకుగా ఉంది ఆ చెయ్యి. కుంపటి దగ్గర బోదిల్ వీళ్ళ వైపు చూసి, ఏదో అడగబోయి, అడక్కుండా మళ్ళీ చేపల వైపు తిరిగింది.

"నిన్న రాత్రి పొద్దుపోయేదాకా గోడకి చెవి పెట్టుకుని విన్నా" అంది ఎర్మీనియా. "నువ్వక్కడ ఉన్నావని తెలుసు నాకు. కంపెనీకి చెప్దామనే అనుకున్నా. చెప్పలేదు. నిద్ర పట్టిందా నీకు, ఆ సోఫా మీద?"

"పట్టింది అత్తా. హాయిగా పట్టింది. లేచేటప్పుడే..."

"లేచేటప్పుడు?"

"కళ్ళు తెరవకుండా లేచి, పాలు పొయ్యి మీద పెడదామని వంటింట్లోకి నడిచా. నుదురు ఠపీమని కొట్టుకుంది. అక్కడ ఇప్పుడు కంపెనీవాళ్ళు కట్టిన గోడ ఉంది."

ఎర్మీనియా ఆమె నుదురు వంక పరీక్షగా చూసింది. తర్వాత తలతిప్పి, పొగలోంచి తన గుమ్మంలోకి, లోపలి నడవలోకి, దాని చివర వెలుగుతున్న వంటింటి దీపం వైపు చాలాసేపు చూసింది.

"మా ఇంట్లో ఎక్కడ కడతారో ఏమో" అంది.